ఇరవై ఐదు చదరపు మీటర్లు

జలుమూరు దాటాక కాలవ గట్టు మీద
స్కూటరాపి సంచీ దించాను.
నాలుగు మేకులు, నైలాన్ తాడు, తక్కెడ,
యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక.
దేశం రేపటి రూపు తేల్చే సామాను
ఒక పాత బియ్యం సంచీలో పడుతుంది,
ఇంకా క్యారేజీకి చోటు మిగులుతుంది.

నైరుతి మూల నుంచి పొడవున అరవై మూడడుగులు,
వెడల్పున పధ్నాలుగు.
అంకె ఎక్కడికి పంపితే అక్కడే మేకు.
ముఖం చూడదు, కులం అడగదు, మంచినీళ్ళు తాగదు.

వెళ్ళి వెళ్ళి
పైల సింహాద్రమ్మ ఏడాది పొడుగునా
గత్తం పోగేసిన మూలలో పడింది.
మిగతా మడంతా నవంబరు వానకి పడుకుంది.
వెన్నులు బురదలోనే మొలకెత్తి
తెల్లటి పళ్ళు బయటపెట్టాయి.
ఈ ఒక్క మూలే నిటారుగా, బంగారంలా, సిగ్గులేకుండా.

ఆమె గట్టు మీద గొంతుక్కూర్చుంది.
"రెండడుగులిటు జరపీ బాబూ.
అదిగో, ఆ పడిపోయిందే, అదీ నా పంట.
ఇది గత్తం బలం, నాది కాదు."

ఊరికి నాలుగు కోతలు.
నాలుగింటి సగటు మీదే ఊరందరి బీమా.
జరపలేదు.
ఇవాళ ఈమె కోసం జరిపితే
రేపు ఇంకెవరి కోసమో జరపాలి,
చివరికి దేశం ఎవరికి కావలసినంత వాళ్ళకి
కాగితాల్లోనే పండుతుంది.
ఇదంతా నాకు తెలుసు.
తెలిసిన చెయ్యే
తాడు బిగిస్తూ వణికింది.

కోశాం, నూర్చాం, తూర్పారబట్టాం.
పదిహేను కిలోల రెండు వందల గ్రాములు.
సిగ్నల్ కోసం గట్టెక్కి ఫోను పైకెత్తాను,
ప్రమాణం చేస్తున్నవాడిలా.

అక్కడి నుంచి ఆ అంకె నన్నొదిలి వెళ్ళిపోయింది.
మండలంలో కలిసింది, జిల్లాలో కలిసింది,
కలిసిన చోటల్లా ఇంటిపేరు పోగొట్టుకుంది.
ఎక్కడో చల్లటి గదిలో
వడ్డీ రేటూ చమురు ధరా జనాభా
దాని చెయ్యి పట్టుకుని
రెండు దశాబ్దాలు ముందుకి నడిపించాయి.

మొన్న శ్రీకాకుళం సమావేశంలో గోడ మీద చూశాను.
నీలం గీత, నున్నగా, కుడివైపు పైపైకి.
దాని చుట్టూ పలచని నీడ,
దూరం పోయేకొద్దీ వెడల్పవుతూ.
తెలియనిదాన్ని కూడా కొలిచి గీశారు.
గీత కన్నా ఆ నీడే నచ్చింది నాకు.

కొత్తగా చేరిన కుర్రాడు
సమీకరణం చివర విడిగా నిలబడ్డ అక్షరం చూపించి
"ఇదేంటి సార్?" అన్నాడు.
"శేషం. మిగతా ఏ పదానికీ అందనిది.
సగటున సున్నా అనుకుంటాం."
రాసుకున్నాడు.

ఎండబెట్టిన కిలో తూకానికి మళ్ళీ వెళ్ళాను.
చాప మీద ధాన్యం, పక్కన కర్ర పట్టుకుని ఆమె,
కోళ్ళ మీద కేకలేస్తూ.
ఎనిమిది వందల డెబ్భై గ్రాములు.
"తగ్గిందేటి?" అంది.
"తేమ పోయిందమ్మా."
కాసేపు ఆలోచించింది.
"మరి మీ పెద్ద లెక్క?
దాన్నీ ఎండబెడతారా,
పచ్చిదే రాసీస్తారా?"

నా దగ్గర ఫారాలున్నాయి, జవాబు లేదు.

"పోనీలే. వచ్చీ ఏడు
గత్తం మడంతా జల్లీస్తాను.
అప్పుడు నీ మేకు ఏ మూల పడినా ఒకలాగే ఉంటాది."

స్కూటర్ తీస్తుంటే వెనక నుంచి పిలిచింది.
"ఆ తాడుతో పనైపోతే ఒగ్గీ బాబూ,
దూడ తెంపుకుని పోతంది."
తాడు ప్రభుత్వానిది. జాబితాలో నంబరుంది.
ఆ రోజు జరపని తాడుని
విప్పి చేతిలో పెట్టాను.

నరసన్నపేట బజారులో కొత్తది కొన్నాను.
నలభై రూపాయలు, రసీదు లేదు.
అవీ ఎక్కడో దేశం లెక్కలో పడే ఉంటాయి,
లేదా ఆ నీడలో.