కాట్రేనికోన నీలం

ఉపగ్రహం పంపిన పటంలో
కాట్రేనికోన ఏటేటా నీలమవుతోంది.
"నీటి వనరులు పెరిగాయన్నమాట" అన్నారు సార్,
ఏసీ గదిలో, పెన్ను మూత తీస్తూ.

అవి రొయ్యల చెరువులండీ.
పదేళ్ల కిందట సార్వా ఊడ్చిన చేలు.
పక్క మడిలో మిగిలిన వరి
మోకాలెత్తుకే ఎర్రబడింది.
గట్టు మీద కొబ్బరి
పిందె నిలపడం లేదు.

నా దగ్గర పన్నెండేళ్ల లెక్కలున్నాయి;
గ్రాఫు చూపిస్తే తలలూపారు.
అప్పుడు సంచిలోంచి తీశాను
ఓలేటి బుల్లెమ్మ బోరు నీళ్ల సీసా.
"కాస్త రుచి చూడండి."

ఎవరూ ముట్టుకోలేదు.
కానీ వాతావరణ మార్పుల విధానం ముసాయిదాలో
నాలుగో పేజీ, 'నీరు' అన్నచోట
ఎవరో పెన్సిలుతో రాశారు: ఏ నీరు?

ఆ రెండు మాటలూ పట్టుకుని
రాత్రి బస్సెక్కాను.

పొద్దున్నే బుల్లెమ్మ అడిగింది:
"నా సీసా ఏదమ్మా?"