అంటీ ముట్టనట్టు

పన్నెండో గడిల కాదు,
పన్నెండో కమ్మీ మీద, సరిగ్గ దాని నెత్తి మీద
వేలు ఆనించాలెనట. ఒత్తొద్దట.
"అక్కా, నువ్వు బోల్టు బిగిస్తున్నవ్" అంటడు బెనెడిక్టు.
పందొమ్మిదేండ్లు ఉంటయ్ పోరనికి.
ఫాతిమానగర్ చర్చిల ఆదివారం వాయిస్తడు,
మిగిలిన రోజులు సెల్‌ఫోన్లకు అద్దాలేస్తడు.
నాకు నలభై ఒకటి.
కాజీపేట యార్డుల చక్రాలు కొట్టి చూసుడు నా పని.

గిటారు హన్మకొండ చౌరస్తల కొన్న, పద్దెనిమిది వందలకు.
నడుం కాడ 'రవళి' అని
పిన్నీసుతోని గీకి ఉన్నది.
ఎవరో ఏమో. ఎందుకు అమ్ముకున్నరో.

మొదలు బెండ్ నేర్పిండు.
మూడో తీగ, ఏడో గడి. ఉంగరం వేలు ముందట,
దాని ఎనుక ఇంకో రెండు,
ఆగిపోయిన ఆటోను తోసే మనుషుల లెక్క.
"తొమ్మిదో గడి స్వరం ముందు వాయించు. చెవుల పెట్టుకో.
ఇప్పుడు ఏడు కాడనే నిలబడి
తీగను తోసుకుంట అక్కడిదాంక పో."
గడి మారొద్దు, స్వరం మారాలె.
తోసిన.
పిల్లి లెక్క మూల్గింది.
ఎనిమిదికీ తొమ్మిదికీ నడుమ ఆగింది.
గోడ అవతలికెళ్లి నస్రీన్ బేగం రెండుసార్లు కొట్టింది.
మళ్ల తోసిన.
సుత్తె పట్టిన పద్దెనిమిదేండ్లల్ల
అరచెయ్యంత కాయగాసింది గని
ఈ వేళ్ల కొసలు ఇంత లేతగ ఎట్ల మిగిలినయో.

మూడోనాడు ఒకటో తీగ తెగి చెంప మీద కొట్టింది.
"అందరికీ తెగుతదక్కా" అన్నడు,
ముప్పై రూపాయలు తీసుకున్నడు.

ఇగ హార్మోనిక్.
దీనికి బలం అక్కర లేదు. అదే నా తిప్పలు.
ఆనించు, మీటు, వేలు తియ్యి.
ఆనించిన. మీటిన. దబ్.

ఆ చప్పుడు నేను ఎరుగుదు.
మంచి చక్రం సుత్తె తగలంగనే ఖంగుమంటది,
నేను పక్క చక్రం కాడికి పొయినా
ఎనుక ఇంకా మోగుతనే ఉంటది.
పగులు పట్టిందైతే
నోట్ల గుడ్డ కుక్కుకున్నట్టు దబ్ మంటది.
సుద్దతోని గుర్తు పెడతం, బోగీని తప్పిస్తరు.
గిటారు మీద ఎక్కడ పెట్టాలె గుర్తు?

మా అత్త అంటుండె, కొంచెం పుల్లగనే:
"ఇంట్ల అంటీ ముట్టనట్టు ఉంటవే నువ్వు."
నైటు డ్యూటీ దిగొచ్చి నిద్రపోయేదాన్ని, ఇంకేం జెయ్యాలె.
గా మాట మీద కండ్లనీళ్లు పెట్టుకున్న రోజులున్నయ్.
ఇయ్యాల పైసలిచ్చి మరీ అదే నేర్చుకుంటున్న,
వస్తలేదు.

నిన్న రాత్రి మూడో లైన్ల రామగుండం బొగ్గు రేకు.
ఇరవయ్యో బోగీ కాడ ఎందుకో
తొడుగు తీసి, మోగుతున్న చక్రం మీద వేలు పెట్టిన.
మోత సచ్చిపోయింది.
మళ్ల కొట్టిన. తాకీ తాకంగనే తీసిన.
మోగింది.
అవతలి వరుసల కెళ్లి లాలయ్య టార్చి ఏసిండు.
"ఏందే, చక్రం బాగలేదా?"
"చక్రం బాగనే ఉన్నది. వేలే."
"ఏంది?"
"ఏం లే, నడువు."

పొద్దుగాల్ల బూట్లు ఇడ్వకముందే గిటారు తీసిన.
వేలు తీసుడు ఆలస్యం: దబ్.
ఐదుసార్లు దబ్.
ఆరోసారి
గంట కాదు, గిలాసకు చెంచా తగిలినట్టు కాదు,
బండి పోయినంక పట్టాల మీద మిగిలేటి సన్నటి పాట,
తీగ కంటే పైన ఎక్కడనో.
రెండు చేతులు గాలిలనే ఉన్నయ్.
నేను పట్టుకోలే, అది పోలే.
నస్రీన్ బేగం గోడ కొట్టలే.

ఆరో తీగ ఐదు మీద, ఐదో తీగ ఏడు మీద
రెండు హార్మోనిక్‌లు కలిపి వినాలెనట.
శ్రుతి తప్పితే వావ్ వావ్ అని ఊగుతదట,
చెవి తిప్పుకుంట పోతే ఊగుడు నిమ్మళమైతదట,
ప్లాట్‌ఫారం మీదికి బండి వచ్చి ఆగినట్టు.
అక్కడిదాంక ఇంకా పోలే.
బెండ్ గూడ ఎనిమిదిన్నర కాడనే,
ఔటర్ల ఉన్నది.
లైన్ క్లియర్ ఇంకా ఇయ్యలే.