పుత్తూరు కట్టు

బీరువా మీది స్ప్రింగు త్రాసు కోసం
స్టూలెక్కి, చేయి చాచి
పడ్డాను.
పదకొండేళ్లుగా నల్లబల్ల మీద
కిందికి గీస్తూ వచ్చిన బాణం గుర్తు
ఆ రోజు నన్నే కిందికి గీసింది.

తిరుపతి నుంచి పుత్తూరు బస్సు.
వడమాలపేట దాకా ప్రతి గతుకూ
మణికట్టులోకి వచ్చి మోగిపోయింది.

చెంగల్రాయుడు ఎక్స్‌రే చూడలేదు.
కళ్లు మూసుకుని వేళ్లతో విన్నాడు.
"యాడ పడితివిమ్మా?"
"కాలేజీలో."
"ఏంజెప్తావు పిలకాయలకు?"
"బలాల గురించి. సృష్టి మొత్తానికి నాలుగే."
"నాలుగేనా" అంటూ
లాగాడు.
ఐదోది నా గొంతులోంచి వచ్చింది.

కోడిగుడ్డు తెల్లసొన, ఆకు పసరు,
వెదురు బద్దలు, చింపిన పంచె గుడ్డ.
నొప్పి తెలియకుండా నేను వాగుతూనే ఉన్నాను:
నీ వేళ్లు నిజానికి నన్ను తాకవు పెద్దాయనా,
ఎలక్ట్రాన్లు ఎలక్ట్రాన్లను ఎడంగా నెడతాయి,
ఆ ఎడాన్నే మనం స్పర్శ అంటున్నాం.
"అట్లయితే ఈ నలభై ఏండ్లూ
నేను ఎవురినీ తాకలేదంటావు."
చేయి ఆగలేదు. చూపు మాత్రం
గోడ మీది ఫోటో దాకా పోయి వచ్చింది.
దానికి కనకాంబరాలు, నిన్నటివి.

మాట మార్చాను.
ఎముకలోని కాల్షియం చెప్పాను:
పరమాణువు నడిబొడ్డున ఇరవై ప్రోటాన్లు
ఆడికృత్తికకు తిరుత్తణి పోయే బస్సులో మాదిరి,
ఒకదాన్నొకటి తోసుకుంటూనే
దిగిపోలేవు.
వాటిని పట్టిన బలానికి చేయి పొట్టి,
పట్టు ఉడుంపట్టు.

పక్క బల్ల మీద, కాలు విరిగిన పిల్లాడు
అరటిపండు ఒలుచుకుంటున్నాడు.
ఆ పండులో ఎక్కడో ఒక పొటాషియం పరమాణువు
ఎవరూ అడక్కుండానే, చడీచప్పుడు లేకుండా
కాల్షియంగా మారిపోతుందని చెప్పాను.
అది మూడో బలం పని.
"ఎముకకు మంచిదే గదా" అన్నాడు చెంగల్రాయుడు.

"ఈ నాలుగింట్లో శాతకానిది ఏది?"
"నన్ను పడేసిందే.
భూమి భూమంతా కిందికి లాగుతున్నా
వేలెడు అయస్కాంతం గుండుసూదిని ఎత్తేస్తుంది."
ముడి వేసి, కొస పంటితో తెంపి
కాసేపు ఆలోచించాడు.
"శాతకానోడే తల్లీ,
పట్టినాడంటే ఇడిచిపెట్టడు."

ఇంకో రెండు కట్లు. నీళ్లు తగలకూడదు.
ఇచ్చినంత తీసుకున్నాడు, లెక్కపెట్టలేదు.

తిరుగు బస్సులో
నా చేయి నా మెడకే వేలాడుతోంది.
ఇంత బరువని ఇన్నేళ్లూ తెలియదు.
ఎంతో తూచి చూద్దామంటే
త్రాసు ఇంకా
బీరువా మీదే ఉంది.