ఫొటో: సింహాచలం

బెల్లం వండే రోజుల్లో నాన్న
గరిటెతో పాకం ఎత్తి వెలుతురుకేసి పట్టి చూసేవాడు.
తీగ ఎలా తెగుతుందో చూసి పెనం దించాలి.
"రెప్పపాటు ఆలీసమైనా ముదిరిపోతాది గుంటా."
షట్టర్ గురించి నాకు మొదట చెప్పింది ఆయనే.
ఆ మాట మాత్రం ఆయనకు తెలీదు.

మొదటి కెమెరా మా పాకే.
జ్వరమొచ్చి చీకట్లో పడుకున్న మధ్యాహ్నం
తడికలో శనగగింజంత చిల్లు,
ఎదుటి గోడ మీద చెరుకు మోపుతో
మా నూకాలు పెద్దమ్మ తలకిందులుగా నడిచిపోయింది.
కేకేశాను.
జ్వరం తలకెక్కిందని దిష్టి తీశారు.
నేను మర్నాటి ఎండ కోసం కాచుక్కూర్చున్నాను.

తర్వాత చోడవరం నుంచి తొలి బస్సు, కాంప్లెక్సు,
డాబాగార్డెన్స్‌లో రెండో అంతస్తు కేబుల్ చానెల్.
తెర అడుగున పాకే అక్షరాలు నా పని.
మర్రిపాలెంలో రేపు నీళ్లు రావు.
కంచరపాలెంలో గోధుమరంగు ఆవు తప్పిపోయింది.
ఆరేళ్లపాటు ఊరు ఊరంతా
నా వేళ్ల కింద కుడి నుంచి ఎడమకి పోయింది.
ఆ ఆవు దొరికిందో లేదో ఎవరూ చెప్పలేదు.

చేరినరోజు పేరడిగారు.
"సింహాచలమా? మీ నాన్న పేరు కాదమ్మా, నీ పేరు."
మా వైపు ఆ పేరుకి ఆడా మగా లేదండీ,
మొక్కు తీరాక ఎవరు పుడితే వాళ్లదే.
"తెర మీద బావోదు, సిరి అని వేద్దాం."
జీతం కాగితం మీద సిరి.
ఇరవయ్యో తారీఖు దాటితే సిరి ఉండేది కాదు.

వాయిదాల మీద పాత కెమెరా కొన్నాను.
లెన్సులో బూజు.
సముద్రం ఊరు కదా, మామూలేనన్నాడు అమ్మినాయన.
హాస్టల్లో అమ్మ పంపిన బియ్యం డబ్బాలో
గుడ్డ చుట్టి దాచేదాన్ని.
బియ్యం తగ్గేకొద్దీ
కెమెరా అడుక్కి దిగేది.

హార్బర్‌లో తెల్లారగట్ల నాలుగు.
పాట ఇంకా మొదలవలేదు, ఐసు ముక్కల మోత.
గంప మీద కూర్చుని చుట్ట కాలుస్తున్న కొర్లమ్మ
నన్ను కిందా మీదా చూసి,
"ఓలమ్మా, ఆ డబ్బాలో వాసన గూడా పడతాదేటి?"
పడదు.
"మరెందుకే అది?"
జవాబు ఇప్పటికీ దొరకలేదు.
అడుగుతున్నప్పటి ఆ మొహం మాత్రం దొరికింది.

ఆదివారం పేపర్లో అరపేజీ అచ్చేశారు.
ఈసారి పేరు నేనే రాసిచ్చాను, పూర్తిగా.
నాన్న పేపర్ని వెలుతురుకేసి ఎత్తి చూశాడు,
పాకం చూసినట్టే.
వెనకపేజీ సిమెంటు ప్రకటన
కొర్లమ్మ బుగ్గలోంచి కనబడుతోంది.
ఏమీ అనలేదు. మడత పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఆ వారమంతా ఫోన్లు.
ఒకాయన కోపంగా,
"సింహాచలం అని వేశారు, కొండేదండీ ఇందులో?"
ఇంకొకాయన మర్యాదగా,
"సింహాచలం గారితో మాట్లాడాలమ్మా, ఆయన ఉన్నారా?"
కెమెరా భుజాన వేసుకుంటూ చెప్పాను,
"లేదండీ,
హార్బర్‌కి వెళ్లింది."