ఇవాళ్టి జమ

మొఖొట్లాంగ్ లో ఉన్ని గోదాముని ఆనుకున్న గది నాది.
బోర్డులో ఒక అక్షరాన్ని గాలి పట్టుకుపోయింది,
ఆవులకి చదువు రాదు కనక సరిపోయింది.

రాత్రి కరెంటు పోతే
టీకా సీసాలు గడ్డకట్టకుండా గోనెలో చుట్టి
బకెట్ తో సహా గుమ్మం బయట మంచులో దింపాను.

పొద్దున్నే మామోసా పిల్లి. రోగి అది,
కరిపించుకున్నది నేను.
తర్వాత రెండు మేకలు, ఒకే దగ్గు.
పందెం గుర్రానికి ఏదో ఒక సూది వెయ్యమని ఒకడు.
పొమ్మన్నాను.

మధ్యాహ్నం త్సెలిసో, కొండ మీది కాపరి పిల్లాడు,
నాలుగు గంటలు నడిచి దిగాడు,
దుప్పటి కుక్కకి కప్పి తాను వణుకుతూ.
మూతి నిండా ముళ్ళపంది ముళ్ళు, పదిహేడు.
లాగుతుంటే అది కుయ్యిమనలేదు,
వీడే కళ్ళు మూసుకున్నాడు.
ఫీజు: కాల్చిన మొక్కజొన్న పొత్తు, సగం తిన్నది.
పుస్తకంలో రాశాను. జమ.

మొన్నటి పుటలో లెసవానా తాత గుర్రం ఉంది.
పేగు మెలిపడింది. తెల్లవార్లూ నడిపించాం,
నూనె పట్టించాం,
వెలుగొచ్చేసరికి మోకాళ్ళ మీద కూలింది.
దాని ఎదురుగా సున్నా వేశాను.

చీకటి పడే వేళ ఆయనే వచ్చాడు,
టోపీ తీసి, నలిగిన నోట్లు బల్ల మీద సాపు చేస్తూ
"రాత్రంతా నిలబడ్డావు కదమ్మా" అన్నాడు.
వద్దనాలి.
అద్దె గుర్తొచ్చింది.
తీసుకున్నాను.

కరెంటు ఇంకా రాలేదు.
పిల్లి కరిచిన వేలు సలుపుతోంది.
మంచు తవ్వి బకెట్ పైకి లాగాను,
కొవ్వొత్తి వెలుగులో సీసాలు లెక్కపెడుతున్నాను,
సున్నా మీద ఏం రాయాలో తెలీక.