అసలు పూత

ఈ గల్లీ మూలదాక సముద్రం ఉండేదట ముహర్రఖ్‌ల.
ఇప్పుడక్కడ కార్లు నిలబెడుతున్నరు.
గోడలకు మాత్రం ఇంకా యాదికున్నది.
నీళ్ల అడుగుల పెరిగిన పగడపురాయి,
వాన మొకం చూడని ఊర్లె
పొద్దుగాల ముట్టుకుంటే చెమ్మ.
ఎవ్వరు లేనప్పుడు ఒక పెచ్చు
నాలిక మీద పెట్టుకున్న. ఉప్పు.

"మెల్లగ గీకు, అసలు పూత వచ్చేదాక"
అన్నది ఇంజనీరమ్మ నూఫ్.
తెల్ల డిస్టెంపరు పోయింది,
దాని కింది ఆకుపచ్చ ఆయిల్‌పెయింటు
మొండికేసి పోయింది.
ఆ కింద నీలం.
నీలం మీద మూలకు మసి,
ఎవరో ఏండ్ల తరబడి
కిరోసిన్ స్టవ్ మీద వండుకున్న మసి.

గల్లీ మొదట్ల ఇత్తడి పలక పెట్టిన్రు.
నాకు అరబ్బీ రాదు, సాజిదుల్ చదివి చెప్పిండు.
ముత్యాల షావుకార్ల పేర్లున్నయి,
నావలు నడిపినోళ్ల పేర్లున్నయి,
మునిగినోళ్లకు "మునిగేవారు" అని ఒక్క మాటున్నది.
కాలికి రాయి, ముక్కుకు చిమటా,
నాలుగు నెలలు నీళ్లల్ల,
పన్నెండు నెలలు అప్పుల.
తండ్రి తేలకపోతే
బాకి కొడుకు మెడకు.
సాజిదుల్ ఇది నాకు రెండుసార్లు చెప్పవోయిండు.
నూటికి మూడు వడ్డీ మీద వచ్చినోన్ని,
ఒక్కసారి చాలన్న.

తర్వాత జపానోళ్లు ముత్యాలను పెంచుడు వట్టిన్రట.
తర్వాత భూమిల నూనె వడ్డది.
షావుకారి మనుమలు కొత్త కాలనీలకు వోయిన్రు,
వాసాలకు చెద వట్టింది.
పలక అక్కడ ఆగి, ఊపిరి వీల్చకుంట
నలభై ఏండ్లు దుంకి
పునరుద్ధరణ కాడ తేలింది.

ఆ నలభై ఏండ్లు
ఇయ్యాల నా బ్లేడు కింద దొరికినయి.
నీలం మీద, కిటికీ పక్కన,
పండుకున్నోని చెయ్యి అందేంత ఎత్తుల,
పెన్సిల్‌తోటి, తెలుగుల:

రాజలింగు కిరాయి ఇచ్చిండు
ఓదెలు ఇయ్యలే
బియ్యం 20 కిలలు
డ్రాఫ్టు పదకొండు వేలు, బాకి 38
ఓదెలు ఖల్లివెల్లి

ముప్పై ఎనిమిది ఏంటియో రాయలే.
వేలో, దినార్లో, నెలలో.
కింద పదిహేను నిలువు గీతలు,
పదహారోది సగమే.

నూఫ్ వచ్చింది, కండ్లద్దాలు పైకి జరుపుకున్నది.
ఏం రాసుందని అడిగింది.
గది లెక్క మేడం, అన్న.
పక్కన స్కేలు వెట్టి ఫోటో తీసింది.
అసలు పూత ఇంకా లోపలున్నదే, అనుకుంట
గోడను అడిగినట్టు అడిగింది.
నేను బ్లేడు తుడుసుకుంట నిలవడ్డ.
"శనివారం చెప్త" అని వోయింది.

రేపు శుక్రారం.
అవతలి గోడ గీకుత కూసున్న,
దీని దిక్కు వీపు వెట్టి.
ఓదెలు ఎటు వోయిండో గని
కిరాయి లేకుంట ఇంకో రెండు రాత్రులు
ఈన్నే ఉంటడు.