తర్జుమా

పులియంతోపులో మా తెలుగు చర్చికి
రేకుల కప్పు. వాన పడితే ప్రసంగం ఆపేస్తాం.
ఆ ఆదివారం వాన లేదు.
బూసాన్ రేవునుంచి సేవకు వచ్చిన హాన్ గారు,
ఇస్త్రీ చొక్కా, చేతిలో నాలుగు మడతల కాగితం.
ఆయన ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా వస్తుంది.
దాన్ని తెలుగులో అతికేవాణ్ణి నేను,
కాంట్రాక్టరు ఆఫీసులో గుమాస్తాని,
పేరు జకరయ్య.

సాక్ష్యం చెప్పేవాడి పక్కన నిలబడ్డవాడికి
సొంత నోరుండదు.
ఆయన "నేను" అంటే నేనూ "నేను" అనాలి.
నేను తాగాను, అన్నాను.
నేను పెళ్లాన్ని కొట్టాను, అన్నాను.
ముందు చాపమీద పిల్లలు కిసుక్కుమన్నారు,
జకరయ్య మామ బీడీ కూడా ముట్టడని వాళ్లకు తెలుసు.

తర్వాత ఆయన అన్నారు:
లోతైన గుంటలో పడి ఉన్నాను,
ప్రభువు చెయ్యి చాచి పైకి లాగాడు.

గుంట.
ఆ మాట నా పళ్ల వెనకే ఆగిపోయింది.
ఇక్కడ కూర్చున్నవాళ్లలో సగంమంది
ఒంటికి కొబ్బరినూనె పూసుకుని,
మూత తీసి, అగ్గిపుల్ల గీసి చూసి
దిగి వచ్చినవాళ్లు.
వీళ్లకు గుంట పోలిక కాదు,
బేసిన్ బ్రిడ్జి పక్క వీధి.
మూడో బెంచీలో కరుణమ్మ.
ఆమె సామేలు దిగాడు, ఎక్కలేదు.

వేరే మాట వెతికాను. చీకటి అందామా, బురద అందామా.
చివరికి గుంట అనే అన్నాను.

కరుణమ్మ లేచింది.
మా చర్చిలో సాక్ష్యం మధ్యలో ఎవరూ లేవరు.
"జకరయ్యా, అడుగు ఆయన్ని.
పైన తాడు ఎవరు పట్టుకున్నారట?"

అడిగాను.
హాన్ గారు కాగితం వంక చూశారు. అందులో తాడు లేదు.
మడిచి జేబులో పెట్టుకున్నారు.
చాలాసేపు ఫ్యాను చప్పుడే.
తర్వాత, ఉన్న ఇంగ్లీషు కూడా విరిగిపోతూ:
క్రేను నాది. రాత్రి డ్యూటీ. తాగి ఉన్నాను.
కింద ఒక కుర్రాడు. పేరు తే-జున్.
పదకొండేళ్లుగా ఊరూరా సాక్ష్యం చెబుతున్నాను,
ఈ పేరు ఎక్కడా చెప్పలేదు.
తాగుడు మానానంటే జనం ఆమెన్ అంటారు.
దీనికి ఏమంటారో తెలియక.

ఒక్కో ముక్కా తెలుగులో పెట్టాను.
నేను తాగి ఉన్నాను. కింద ఒక కుర్రాడు.
ఎవరూ ఆమెన్ అనలేదు.

ఆయన ఆగిపోయారు.
నేను ఆగలేదు.

నేను, అన్నాను,
ఆ రోజు తాడు దగ్గర లేను,
రిజిస్టరు దగ్గరున్నాను.
మిషను రాలేదు. వచ్చిందని రాశాను.
హాజరులో సామేలు పేరుంది. కొట్టేశాను.
కాంట్రాక్టరు కొట్టెయ్యమన్నాడు, అదీ నిజమే.
కానీ పెన్ను నాది, గీత నాది,
ఆ గుండ్రటి అక్షరాలు నావి,
సండే స్కూల్లో బహుమతి తెచ్చినవి.

హాన్ గారికి తెలుగు రాదు.
నా మొహం చూసి, ఒక అడుగు పక్కకు జరిగి,
మైకు నావైపు తిప్పారు.
పాస్టరు పాట ఎత్తుకుందామని గొంతు సవరించుకున్నారు.
ఎత్తుకోలేదు.
బయట నీళ్ల లారీ హారను కొట్టింది,
బిందెల కోసం ఒక్కరూ లేవలేదు.

కరుణమ్మ ఏడవలేదు, తిట్టలేదు.
"ఎన్నింటికి దిగాడు?" అంది.
పదకొండుంబావుకు.
కొట్టేసిన గీత కింద ఇంకా కనబడుతుంది.
ఆరేళ్లుగా ఆమె సాయంత్రం ఆరింటికి
కొవ్వొత్తి వెలిగిస్తోంది,
కబురు అందిన వేళకు.
పదకొండుంబావు, అని ఆమె తనలో తాను అనుకుంది,
చెంగు కొసన చిల్లర ముడేసుకున్నట్టు.

గురువారం కబురు పంపింది,
హైకోర్టు ఎదుట లాయరు గదికి,
రిజిస్టరు తీసుకుని రమ్మని.
వెళ్లాను.
అక్కడ కూడా దాన్ని సాక్ష్యమనే అంటారు.
ముందు పేరు అడిగారు.
నాది చెప్పాను.